తొమ్మిది గడుల తర్కం: దిఙ్నాగుడు

శబ్దం నిత్యమా, అనిత్యమా? పదిహేను వందల ఏళ్ల కిందట మన పండితులు దీని మీద హోరాహోరీగా వాదించుకునేవారు. శబ్దం అనిత్యమని తేలితే వేదం నిత్యమన్న మీమాంసకుల మాట నిలవదు, అందుకే అంత పట్టుదల. ఆ వాదాల మధ్య, అసలు ఒక హేతువు ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అని లెక్కగట్టి చూపినవాడు బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు.

కాలం సుమారు 480–540. కంచి దగ్గర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడని టిబెట్ చరిత్రకారులు రాశారు. ఆయన తొలి గురువు నాగదత్తుడు బౌద్ధంలోని వాత్సీపుత్రీయ శాఖ భిక్షువు. మాటలకందని 'పుద్గలం' (ఆత్మ లాంటిది) ఒకటి మనిషిలో ఉంది, వెతుక్కోమని చెప్పాడట. శిష్యుడు పగలు కిటికీలన్నీ తెరిచి, రాత్రి చుట్టూ దీపాలు పెట్టి, ఒంటి మీద బట్టలు కూడా తీసేసి అన్ని దిక్కులా చూశాడు. ఎక్కడా కనబడలేదని చెబితే, గురువుకు కోపం వచ్చి వెళ్లిపొమ్మన్నాడు. కథే అనుకున్నా మనిషి తత్వం ఇందులో బాగా పట్టుబడింది. తర్వాత బౌద్ధ పండితుడు వసుబంధు దగ్గర చదివాడంటారు.

ఆయన రాసిన 'హేతుచక్రం' చాలా చిన్న పుస్తకం. నాకు మాత్రం ఆయన ప్రతిభంతా అందులోనే కనిపిస్తుంది. శబ్దం అనిత్యం అని మనం రుజువు చేయాలనుకుందాం. కుండ, మెరుపు లాంటి అనిత్యమైనవన్నీ సపక్షం. ఆకాశం లాంటి నిత్యమైనవి విపక్షం. మనం చెప్పే హేతువు సపక్షంలో అన్నింటిలో ఉండొచ్చు, కొన్నింటిలో ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. విపక్షంలోనూ అంతే. మూడు మూళ్లు తొమ్మిది గడులు.

ఈ తొమ్మిదింటిలో చెల్లేవి రెండే. 'పుట్టించబడింది కాబట్టి శబ్దం అనిత్యం' అంటే చెల్లుతుంది, ఆ గుణం అనిత్యమైన వాటన్నింటిలో ఉంది, నిత్యమైన వాటిలో ఒక్కదానిలోనూ లేదు. రెండోది ఇంకా సూక్ష్మం. 'ప్రయత్నం వల్ల పుడుతుంది కాబట్టి' అన్నాం. కుండ అలాగే పుడుతుంది, మెరుపు అలా పుట్టదు. అయినా హేతువు చెల్లుతుంది. సపక్షమంతటా ఉండనక్కర్లేదు, విపక్షంలో మాత్రం ఎక్కడా ఉండకూడదు. మిగిలిన ఏడింటిలో రెండు, రుజువు చేయాలనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమైనదాన్ని రుజువు చేస్తాయి. ఐదు ఎటూ తేల్చవు. 'చెవికి వినబడుతుంది కాబట్టి' అన్న హేతువు అలాంటిదే: శబ్దం తప్ప వినబడేది ఇంకేదీ లేదు, ఇక దేనితో పోల్చి చూస్తాం?

ఇది ఇవాళ్టికీ పనికొచ్చే పరీక్ష. ఫలానా కషాయం తాగితే జ్వరం తగ్గుతుందని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, తగ్గినవాళ్ల పేర్లు పది ఉంటాయి. అదంతా సపక్షమే. తాగినా తగ్గనివాళ్లు ఉన్నారా అన్నది విపక్షం వైపు ప్రశ్న, ఆ మెసేజ్‌లో దానికి జవాబు ఉండదు.

పెద్ద గ్రంథం 'ప్రమాణసముచ్చయం'లో ఆయన జ్ఞానానికి దారులు రెండే అన్నాడు: ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం), అనుమానం (సందేహం కాదు, హేతువును బట్టి తెలుసుకోవడం). శాస్త్రవాక్యానికి మూడో ప్రమాణంగా విడిగా చోటివ్వలేదు. దీంతో న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులకూ మీమాంసకులకూ ఊరుకోవడం కుదరలేదు. ఉద్యోతకరుడు, కుమారిలభట్టు ఆయన్ను గట్టిగా ఖండించారు. ఆ ఖండనలతో వాళ్ల శాస్త్రాలూ పదునెక్కాయి. బౌద్ధుల వైపు నుంచి ధర్మకీర్తి 'ప్రమాణవార్తికం'తో ఈ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు.

ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్, రాజధాని వేంగికి నైరుతి దిక్కున ఉన్న ఒక కొండ మీద దిఙ్నాగుడు తర్కగ్రంథం రాశాడని విని నమోదు చేశాడు. ఆ వేంగి ఇప్పటి ఏలూరు దగ్గరి పెదవేగి. తిరిగి వెళ్లాక హ్యూయన్ త్సాంగ్, దిఙ్నాగుడి తర్కగ్రంథం 'న్యాయముఖం'ను చైనా భాషలోకి అనువదించాడు. అక్కడి నుంచి ఈ తర్కవిద్య జపాన్‌కూ చేరింది.

మన దగ్గర మాత్రం 'ప్రమాణసముచ్చయం' సంస్కృత మూలం దక్కలేదు, టిబెటన్ అనువాదాలే మిగిలాయి. ఆ గ్రంథానికి జినేంద్రబుద్ధి రాసిన సంస్కృత వ్యాఖ్యానం టిబెట్‌లో దొరికింది. అందులో మొదటి అధ్యాయం 2005లో అచ్చయింది. ఆ వ్యాఖ్యానం ఉటంకించిన మాటలను టిబెటన్‌తో సరిచూసుకుంటూ, పండితులు దిఙ్నాగుడి సంస్కృత వాక్యాలను ఒక్కొక్కటిగా తిరిగి కూర్చారు.