హైదరాబాద్ చెట్ల చిగుళ్లు, మొగ్గలు: అపోహలు – వాస్తవాలు

నగరంలో ఇళ్ల తోటలు చూసుకోవడం నా పని. ఫిబ్రవరి రాగానే ఫోన్లు మొదలవుతాయి. "మా గేటు ముందు కానుగ ఎండిపోయిందండీ, కొట్టించేయమంటారా?" ఉగాది దాకా ఆగండి అని బతిమాలుకుంటాను.

అపోహ: ఆకులన్నీ రాలితే చెట్టు చచ్చిపోయినట్టే.
సన్న కొమ్మ మీద బెరడును గోటితో కాస్త గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. ఆకు కొమ్మకు అతుక్కున్న చోట చిన్న మొగ్గ ముందే తయారై ఉంటుంది. ఆకు పోయినా అది అక్కడే ఉంటుంది. చిగురు మన కంటపడే నాటికి ఆ మొగ్గకు నెలల వయసు ఉంటుంది.

అపోహ: వాన పడితేనే చెట్టు చిగురిస్తుంది.
మన తొలకరి జూన్‌లో. వేప, కానుగ, రావి మాత్రం మార్చి, ఏప్రిల్‌లోనే చిగుళ్లేస్తాయి. ముదురాకులు రాలడంతో నీరు ఆవిరైపోవడం తగ్గి, లోతు వేర్లు తోడిన నీరు కాండంలో నిలుస్తుంది. పొద్దు పెరగడం కూడా మొగ్గల్ని కదిలిస్తుంది. ఉగాది పచ్చడికి వేపపూత అందేది అందుకే. మొదలు చుట్టూ టైల్స్ పరిచేస్తే ఆ వేళ్లకు నీరు, గాలి ఎలా అందుతాయి? దయచేసి కొంత మట్టి వదలండి.

అపోహ: చలికాలంలో అన్ని చెట్లకూ ప్రూనింగ్ చేయాలి.
నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. మామిడి పూత ముఖ్యంగా కొమ్మ కొనలో ఉన్న మొగ్గ నుంచి వస్తుంది. కాయలు దిగాక వానాకాలంలో వేసిన రెమ్మలు ముదిరి, వాటికి చలి రాత్రులు తగిలితే ఆ కొనమొగ్గ పూతగా మారుతుంది. సైనిక్‌పురిలో ఒకరింట్లో బంగినపల్లి చెట్టును నవంబరులో గొడుగులా గుండ్రంగా కత్తిరించారు. ఆ ఏడు చెట్టు నిండా ఆకులే, పప్పులోకి కూడా కాయ దొరకలేదు. మామిడికి కత్తెర వేయాల్సింది కాయలు దిగిన వెంటనే, జూన్, జులైలో.

జామ సంగతి వేరు. దాని పూత కొత్త రెమ్మల మీదే వస్తుంది, కాబట్టి కత్తిరిస్తే మంచిదే. సీతాఫలం ఇంకా చిత్రం. మొగ్గ ఆకు తొడిమ అడుగున దాక్కుని, ఆకు ఊడాకే బయటికొస్తుంది. అది ఆకు రాలుస్తుంటే టెన్షన్ పడి నీళ్లతో ముంచెత్తకండి.

అపోహ: పూత రావాలంటే డిసెంబరులో మామిడికి యూరియా, నీళ్లు బాగా ఇవ్వాలి.
అలా ఇస్తే పూతకు రావాల్సిన మొగ్గ ఆకు చిగురు వేస్తుంది. కాపుకొచ్చిన చెట్టుకు నవంబరు నుంచి నీళ్లు ఆపి, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి.

అపోహ: ఎర్ర చిగురు తెగులు.
కాదు. మామిడి, రావి లేతాకుల్లో పచ్చదనం ఇంకా నిండదు, ఆ ఎరుపు వాటిని ఎండ నుంచి కాపాడుతుంది. మందు కొట్టొద్దు.

అపోహ: చెట్టు ఎదిగేకొద్దీ కింది కొమ్మ కూడా పైకి పోతుంది.
పొడవు పెరిగేది కొనల్లోనే, కాండం లావెక్కుతుందంతే. ఇవాళ కారుకు తగులుతున్న కొమ్మ పదేళ్లకూ అదే ఎత్తులో మొదలవుతుంది. తీయాల్సిందే అయితే బొటనవేలంత ఉన్నప్పుడే తీయండి, గాయం త్వరగా పూడుతుంది.