తిమిశ్వారాకి జర్మనీ పాత ట్రాములు ఎందుకొచ్చాయి

రొమేనియా పడమటి అంచున ఉన్న తిమిశ్వారాలో పాత ట్రాముల గొడవ మళ్లీ పైకి లేచింది. ఇది ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఒక బండి నడిరోడ్డు మీద మొరాయిస్తుంది, వెనకొచ్చే బళ్లన్నీ వరసగా ఆగిపోతాయి ఎందుకంటే బస్సులా పక్కనుంచి తప్పుకుపోయే వీలు ట్రాముకి లేదు, జనం దిగి నడక మొదలుపెడతారు, సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: జర్మనీ వాళ్లు వదిలించుకున్న తుక్కుని మన నెత్తిన పెట్టిందెవరు?

1869లో గుర్రపు ట్రాము, 1899లో కరెంటు ట్రాము, ఈ పాత చరిత్ర ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. అందులో ఒక్క సంగతి మాత్రం ఇప్పటి గొడవకి కావాలి. తిమిశ్వారా ట్రాములు కొనుక్కున్న ఊరు కాదు, సొంతంగా చేసుకున్న ఊరు. 1920లలోనే కొర్నేలియు మిక్లోష్ అనే ఇంజనీరు ట్రాము కంపెనీని నడుపుతూ సొంత వర్క్‌షాపులో బళ్లు కట్టించాడు, ఆ దేశంలో వెల్డింగ్ విద్యకి ఆద్యుల్లో ఆయనొకడు. తర్వాత 1970ల నుంచి ఇదే ఊళ్లో ఎలెక్ట్రోమెటల్ ఫ్యాక్టరీ తిమిష్-2 అనే ట్రాము తయారుచేసి దేశమంతా పంపింది. ముందొక ఇంజను పెట్టె, దాని వెనక ఇంకో పెట్టె, రెండూ కలిస్తే ఒక బండి. ఇంతటి ఊరు పరాయి దేశపు పాత బళ్ల కోసం ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్నదే అసలు కథ.

1980లలో రొమేనియా నియంత చౌషెస్కు విదేశీ అప్పు మొత్తం తీర్చేయాలని పట్టుబట్టాడు. దాంతో ఇళ్లలో వేడి లేదు, దుకాణాల్లో సరుకు లేదు, బండ్లకి డీజిల్ లేదు. ఊళ్లలో బస్సుల నెత్తిన పొడుగాటి మీథేన్ గ్యాస్ సిలిండర్లు వరసగా పేర్చి తిప్పారు. ఆయిల్ మిగలాలంటే కరెంటు బళ్లే దారని ఊరూరా హడావిడిగా ట్రాము పట్టాలు వేయించారు. క్లూజ్, బ్రషోవ్, క్రయోవా, ప్లోయెష్త్, ఈ నాలుగు ఊళ్లకీ 1987లోనే ట్రాము వచ్చింది, మరుసటి ఏడాది రెషిత్సకి. వీటిలో చాలా ఊళ్లకి బళ్లు పంపాల్సిన భారం తిమిశ్వారా ఫ్యాక్టరీ మీదే పడింది. ఇనుము సరిగ్గా దొరకని రోజుల్లో, లెక్క పూర్తిచేయాలనే ఒత్తిడిలో తయారైన బండి ఎంతకాలం ఆగుతుంది? ఆ బళ్లకి తుప్పు త్వరగా పట్టింది. ఇది కార్మికుల తప్పు అని నేననుకోను.

తర్వాత 1989 డిసెంబరు, చౌషెస్కు మీద తిరుగుబాటు మొదలైన నెల. లాస్లో తొకేష్ అనే పాస్టరుని ఇంట్లోంచి ఖాళీ చేయించడానికి వస్తున్నారని తెలిసి చర్చి మనుషులు ఆయన ఇంటి ముందు కాపలా నిలబడ్డారు. ఆ ఇల్లు పియాత్సా మరియా అనే కూడలి పక్కనే, ముందే ట్రాము స్టాపు. 16వ తేదీ సాయంత్రం ఇయోన్ మొనొరాన్ అనే కవి మరికొందరితో కలిసి అక్కడ ట్రాములు ఆపేశాడు. దిగిన ప్రయాణికులు గుంపులో కలిశారు. ఎక్కడో చర్చి గోడ పక్క చిన్న గుంపుగా ఉన్నది ఊరంతటి నిరసనగా మారడానికి ఆ ఆగిన ట్రాములు కూడా ఒక కారణం. నాలుగు రోజులకి, 20న, ఆ ఊరు తనను తాను స్వేచ్ఛా నగరంగా ప్రకటించుకుంది. తిమిశ్వారా జనానికి ట్రాము అంటే ఒట్టి రవాణా బండి కాదని, దాని మీద ఇంత కోపం, ఇంత ప్రేమ రెండూ ఎందుకని అడిగేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి.

నా దృష్టిలో అంతా మలుపు తిరిగింది ఆ తర్వాతి ఐదారేళ్లలో. 1990లో ఎలెక్ట్రోమెటల్ ట్రాముల తయారీ ఆపేసింది. ఇతర ఊళ్ల నుంచి ఆర్డర్లు రావడం నిలిచిపోయింది, కొత్త నమూనా తయారుచేయడానికి పెట్టుబడి లేదు. అదే సమయంలో ధరలకి రెక్కలొచ్చాయి, 1993లో ఒక్క ఏడాదిలోనే రొమేనియాలో ధరలు 250 శాతం పైగా పెరిగాయి. టికెట్ డబ్బుతో నడిచే సంస్థ అలాంటి రోజుల్లో కొత్త ట్రాము మాట ఎత్తగలదా? ఉన్న తిమిష్-2 బళ్లు ఒక్కొక్కటే మూలన పడుతుంటే, ఒకదాని సామాను ఊడదీసి ఇంకోదానికి బిగించి రోజు గడిపే పరిస్థితి.

సరిగ్గా అప్పుడే ఉత్తర జర్మనీలోని బ్రెమెన్‌లో ఇంకో కథ నడుస్తోంది. నేల మొత్తం కిందకి ఉండి, మెట్టు ఎక్కే పనిలేకుండా లోపలికి అడుగుపెట్టే ట్రాము 1990లో అక్కడే మొదట పట్టాలెక్కింది. 1993 నుంచి 1996 లోపు ఆ ఊరు అలాంటి కొత్త బళ్లు, జీటీ8ఎన్ రకం, డెబ్బైకి పైగా తెచ్చుకుంది. అవి వస్తుంటే జీటీ4 అనే పాత రకం బళ్లకి డిపోల్లో చోటు లేకుండా పోయింది. అవి చెడిపోయి కాదు, మెట్లున్నాయి కాబట్టి బయటకి పోయాయి. ఈ తేడా చాలామందికి పట్టదు. చక్రాల కుర్చీ మనిషి, పిల్లల బండి తోసుకొచ్చే తల్లి సులువుగా ఎక్కాలని బ్రెమెన్ కోరుకుంది, అది వాళ్లకి తగిన నిర్ణయం. తిమిశ్వారాకి అప్పటికి కావాల్సింది పొద్దున్నే ఆరింటికి కదిలే బండి.

1995 నుంచి బళ్లు రావడం మొదలైంది. ముందు హన్సా కంపెనీ కట్టిన పాతవి, తర్వాత వేగ్‌మన్ కంపెనీ 1970లలో కట్టినవి. మ్యూనిక్ నుంచి కూడా కొన్ని వచ్చాయి, కానీ ఊరికి బాగా అలవాటైనవి బ్రెమెన్‌వే. రెండు ఊళ్లలోనూ పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లే. తలుపులు కుడివైపే ఉన్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే తిమిశ్వారాలో లైను చివర బండి గుండ్రంగా తిరిగొచ్చే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. ఇలా కుదరకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా పనికొచ్చేది కాదు.

ఆ జీటీ4 బండిని కాస్త దగ్గరగా చూడండి. రెండు పెట్టెలు మధ్యలో మడత తెరతో కలిసి ఉంటాయి. ఒక్కో పెట్టె కింద సరిగ్గా నడుమన ఒకే బోగీ, అంటే చక్రాలు బిగించిన చట్రం. అందుకే మలుపులో పెట్టె ముక్కు పట్టాల బయటికి వంగి వెళ్తుంది, రోడ్డు పక్క నిలబడ్డవాళ్లు అలవాటుగా ఓ అడుగు వెనక్కి వేస్తారు. ఎక్కడానికి నిటారు మెట్లు. సంతనుంచి రెండు చేతుల్లో సంచులతో వచ్చే పెద్దావిడ ముందు సంచులు పైన పెట్టి, తర్వాత కమ్మీ పట్టుకుని తను ఎక్కాలి. లోపల చాలాకాలం జర్మన్ అక్షరాలు అలాగే ఉండిపోయాయి, ఎక్కడ బటన్ నొక్కాలో, ఏ సీటు ఎవరికో. తిమిశ్వారా ఉన్న బనాత్ ప్రాంతంలో ఒకప్పుడు జర్మన్ మాట్లాడేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు కాబట్టి కొందరు ముసలివాళ్లకి ఆ రాతలు చదవడం కష్టమేం కాదు.

ఇక వ్యతిరేకించేవాళ్ల మాట. పడమటి యూరప్ తన చెత్తని తూర్పుకి తోసింది, చవగ్గా వస్తున్నాయి కదా అని అధికారులు పదిహేను, ఇరవై ఏళ్లు కాలక్షేపం చేశారు, ఆ సుఖానికి అలవాటుపడి సొంత ఫ్యాక్టరీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చివరి ముక్కలో నిజముందని నేనూ ఒప్పుకుంటాను. పాత బండి తెచ్చుకోవడం తప్పు కాదు, అది తిరిగే కాలంలో తర్వాతి బండి కోసం డబ్బు కూడబెట్టకపోవడం తప్పు, పట్టాలు అరిగిపోతున్నా చూస్తూ ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పు. అరిగిన పట్టా మీద కొత్త బండి నడిపినా అది పాతబడటానికి ఎంతోకాలం పట్టదు.

కానీ షెడ్డులో పనిచేసినవాళ్ల వైపు నుంచి చూస్తే కథ వేరు. మాన్యువల్ మొత్తం జర్మన్‌లో. అసలు తయారుచేసిన హన్సా కంపెనీ 1975లోనే దివాలా తీసింది, స్పేర్ పార్టు కావాలని ఉత్తరం రాయడానికి కూడా ఆ చిరునామాలో ఎవరూ లేరు. అరిగిన చక్రాల అంచులు, కాలిపోయిన మోటారు చుట్టలు, బిగుసుకుపోయిన తలుపులు, ఇవన్నీ అక్కడికక్కడే బాగుచేసుకోవాలి. చలికాలంలో తెల్లవారుజామున మూడింటికి షెడ్డులోకి దిగి, ఉదయం షిఫ్టు కార్మికులు స్టాపుకి వచ్చేసరికి బండి బయట పెట్టడం ఇరవై ఏళ్లు చేస్తే దాన్ని కాలక్షేపం అనకూడదు. ఆ ఊరు ట్రామును నిలబెట్టుకుంది అంటే ముందు దండం పెట్టాల్సింది వీళ్లకే.

ఎందుకంటే నిలబెట్టుకోలేని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. బ్రషోవ్‌లో 2006లో ట్రాము ఆగిపోయింది, కాన్‌స్తాన్‌త్సలో 2008లో, రెషిత్సలో 2011లో. రెషిత్సకి కూడా జర్మనీలోని డార్ట్‌మండ్ నుంచి పాత బళ్లు వచ్చాయి, అయినా కాపాడలేకపోయాయి, అంటే బండి ఒక్కటే చాలదు, దాన్ని నడిపించాలన్న పట్టుదల కూడా ఊరికి ఉండాలి. అదే రెషిత్స ఇప్పుడు తిరిగి పట్టాలు వేయించి టర్కీ నుంచి కొత్త ట్రాములు కొనాల్సి వచ్చింది. ఒకసారి పీకేసిన లైను తిరిగి వేయడానికి ఎంత ఖర్చో, ఎన్నేళ్లో వాళ్లని అడిగితే చెబుతారు.

పాత బస్సుల్నీ పాత ట్రాముల్నీ ఒకే గాటన కట్టేయడం ఈ గొడవలో నాకు బాధ కలిగించే విషయం. బుకారెస్టులో సొంత బస్సులు చేసిన రోకార్ ఫ్యాక్టరీ మూతపడ్డాక రొమేనియా ఊళ్లు పడమటి దేశాలు వాడేసిన డీజిల్ బస్సులతో నెట్టుకొచ్చాయి. పదిహేనేళ్లు తిరిగిన బస్సు ఒళ్లు తుప్పు పట్టి ఉంటుంది, ఇంజను నల్లపొగ వదులుతుంది, ఆ పొగ పీల్చేది స్టాపులో నిలబడ్డ మనిషే. దాన్ని ఎంత బాగుచేసినా పాత ఇంజను పాతదే. ట్రాము అలా కాదు. కరెంటు మోటారు, ఇనుప చట్రం, సరిగ్గా చూసుకుంటే నలభై, యాభై ఏళ్లు తిరుగుతుంది, కాబట్టి ఇరవై ఏళ్ల ట్రాము అంటే సగం వయసుది. 2019లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన నిబంధన ప్రకారం సర్కారు సంస్థలు కొనే బస్సుల్లో కొంత వాటా కాలుష్యం తక్కువవి కావాల్సిందే. డొక్కు బస్సుల మీద కోపం న్యాయమే. దాన్ని ట్రాముల మీదకి మళ్లించడం న్యాయం కాదు.

ఇక ఇప్పటి సంగతి. నికొలాయె రోబు 2012 నుంచి 2020 వరకు మేయరుగా ఉన్నప్పుడు వేగ్‌మన్ బళ్లలో ముప్పైని రొమేనియాలోనే ఉన్న పష్కాన్ ఊళ్లోని కార్ఖానాకి పంపి కొత్త ఒళ్లు తొడిగించారు. పేరు అర్మోనియా. ఊరికి తిరిగొచ్చాక చూస్తే బయట కొత్త రంగు, కొత్త అద్దాలు, లోపల కొత్త సీట్లు, చాలామంది కొత్త బండే అనుకున్నారు. ఆయన హయాంలోనే టర్కీ కంపెనీ బోజాన్‌కాయాతో కొత్త ట్రాముల ఒప్పందం కుదిరింది, మొదటి విడత పదహారు. అవి 2021లో రావడం మొదలయ్యేసరికి మేయరు మారాడు. డొమినిక్ ఫ్రిట్జ్, జర్మనీలో పుట్టినవాడు. దాంతో ఇద్దరి మనుషులూ పోటీపడి ఇది మా ఘనత, అది మీ ఆలస్యం అంటున్నారు. ఎవరి వాటా ఎంతన్నది ట్రాము కోసం ఎదురుచూసే మనిషికి అక్కర్లేదు. కొత్త బళ్లు వైరు లేనిచోట కూడా బ్యాటరీతో కొంతదూరం పోగలవు, నేల కిందకి ఉంది, సంచుల పెద్దావిడకి ఇక కమ్మీ పట్టుకుని ఎగబాకే పనిలేదు. ముప్పై ఏళ్ల క్రితం బ్రెమెన్ ఏ కారణంతో ఆ బళ్లు వదులుకుందో అదే కారణం ఇప్పుడు తిమిశ్వారాకి వచ్చింది.

బ్రెమెన్‌లో అప్పుడు కొత్తగా వచ్చి జీటీ4లని బయటకి నెట్టిన జీటీ8ఎన్ బళ్లు కూడా 2020 నుంచి ఒక్కొక్కటే తప్పుకున్నాయి, వాటి చోట నోర్డ్‌లిష్ట్ అనే ఇంకో తరం వచ్చింది. అవి పోతున్నా, వాటికన్నా ముందుతరం బ్రెమెన్ బోగీలు మాత్రం తిమిశ్వారాలో అర్మోనియాల కింద ఇంకా తిరుగుతున్నాయి. వాటిని ఇంకొన్నేళ్లు నడపాలా, కొత్తవి పూర్తిగా సరిపోయే రోజు దాకా దాచుకోవాలా, ఇప్పుడే తుక్కుకి వేయాలా అన్నదే ప్రశ్న. తుక్కుకి వేయమనేవాళ్లు రేపు పొద్దున ఆరింటి షిఫ్టుకి ఏ బండి వస్తుందో కూడా చెప్పాలి.