హైదరాబాద్‌లో ఫ్లాట్ రేటు లెక్క ఎందుకు తేలదంటే

హైదరాబాద్‌లో ఇళ్ల రేట్లు ఇంత శాతం పెరిగాయని ఒక రిపోర్ట్ వస్తుంది, నెల తిరక్కుండానే అమ్మకాలు పడిపోయాయని ఇంకోటి వస్తుంది, కొనేవాడికి ఏది నమ్మాలో తెలీదు. దీని వెనక కథ పాతదే.

ఆర్‌బీఐ 2010-11ని బేస్‌గా, అంటే పోల్చడానికి మొదలు ఏడాదిగా, పెట్టుకుని నడిపిన ఇళ్ల ధరల సూచీలో పది నగరాలు ఉండేవి. లక్నో ఉంది, కాన్పూర్ ఉంది, కొచ్చి కూడా ఉంది, మన హైదరాబాద్ మాత్రం లేదు! 2025లో బేస్ మార్చి 18 నగరాలు చేసినప్పుడు గానీ మనకి చోటు దొరకలేదు. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ వాళ్ల ఇళ్ల ధరల సూచీ రెసిడెక్స్‌లో హైదరాబాద్ ఉంది కానీ అది ప్రధానంగా బ్యాంకులు లోన్ ఇచ్చేటప్పుడు వేసే వాల్యుయేషన్ మీద నడుస్తుంది, ఇక ప్రైవేట్ కన్సల్టెన్సీల రిపోర్టుల్లో చాలావరకు బిల్డర్ చెప్పే రేటే కనిపిస్తుంది, బేరం ఆడాక తెగే రేటు కాదు.

పోనీ రిజిస్ట్రేషన్ లెక్కలు చూద్దామా అంటే అక్కడ ఇంకో తిరకాసు. 2013లో సవరించిన సర్కారు విలువలు, అంటే రిజిస్ట్రేషన్‌కి సర్కారు కట్టే రేట్లు, 2021 జులై దాకా అలాగే ఉండిపోయాయి, ఈలోపు బయట రేటు ఎక్కడికో వెళ్లిపోయింది, దస్తావేజులో రాసేది ఒకటి చేతులు మారేది ఒకటి, మిగతాది క్యాష్ అన్న సంగతి ఎవరికి తెలీదు చెప్పండి. 2021లో విలువలు పెంచి, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా 6 నుంచి 7.5 శాతం చేశారు, 2022 ఫిబ్రవరిలో విలువలు మళ్లీ పెంచారు. అంటే ఆ రెండేళ్లలో కాగితం మీద కనిపించిన పెరుగుదలలో ఎంత మార్కెట్‌దో ఎంత సర్కారుదో విడదీయడం కష్టం.

ఇంకో సంగతి, ఎక్కడినుంచి లెక్క మొదలుపెడుతున్నాం అనేది. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక మాదాపూర్ వైపు ఊపందుకుంది, 2008 మాంద్యం, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల వ్యవహారం, ఆ ఏడాది చివర్నుంచి రాష్ట్రం ఏమవుతుందో తెలీని పరిస్థితి, అన్నీ కలిసి 2014 దాకా మార్కెట్ నీరసంగానే నడిచింది. బెంగళూరు కంటే ఇక్కడ చవక అన్న పేరు చాలావరకు ఆ రోజులదే. 2014 నుంచి గ్రాఫ్ గీస్తే అది కొండెక్కకుండా ఎలా ఉంటుంది?

2006లో జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే హద్దు, తీసేశారు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్‌లు) చూసి ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చు. ఎక్కువ ఫ్లాట్లు వస్తే రేటు దిగాలి కదా, కానీ ఎకరంలో ఎక్కువ ఎస్‌ఎఫ్‌టీ పడుతుందంటే స్థలం అమ్మేవాడు ఊరుకుంటాడా, ఆ లాభాన్ని ముందే రేటులో కలిపేస్తాడు. కోకాపేట వేలంలో 2021లో ఎకరం గరిష్ఠంగా 60 కోట్ల పైన పలికితే 2023 ఆగస్టులో 100.75 కోట్లు పలికింది, గజం లెక్కన 2 లక్షల 8 వేలు! వేలం వేసింది సర్కారే మరి.

స్థోమత సంగతికొస్తే, 2023లో నైట్ ఫ్రాంక్ అనే కన్సల్టెన్సీ సూచీలో హైదరాబాద్ కుటుంబం ఆదాయంలో 30 శాతం ఈఎంఐకి పోతుందని తేల్చారు, ముంబై 51 శాతం తర్వాత మనమే. 30 అంటే బానే ఉంది అనిపిస్తుంది గానీ అసలు దెబ్బ ఈఎంఐ కంటే ముందే ఉంది. కడుతున్న ప్రాజెక్టులో కోటి రూపాయల ఫ్లాట్ తీసుకోండి. బ్యాంక్ 75 లక్షలు ఇస్తే చేతినుంచి 25 లక్షలు, రిజిస్ట్రేషన్ 7.5 లక్షలు, జీఎస్టీ 5 లక్షలు, మొత్తం 37.5 లక్షలు రెడీగా ఉండాలి. పై అంతస్తుకి వెళ్లేకొద్దీ పెంచే ఫ్లోర్ రైజ్, ఈస్ట్ ఫేసింగ్‌కి ఎక్స్‌ట్రా, కార్ పార్కింగ్, క్లబ్‌హౌస్, మెయింటెనెన్స్ కోసం ముందే తీసుకునే కార్పస్ ఫండ్ అని కొటేషన్ కింద చిన్న అక్షరాల్లో ఉండేవి వేరే. ఆ తర్వాత 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లపాటు నెలకి 65 వేలు. ఈ 37.5 లక్షలు ఏ సూచీలోనూ సరిగ్గా కనపడవు, ఊళ్లో పొలం అమ్మో నాన్న పీఎఫ్ తీసో తెచ్చేది ఆ డబ్బే.

జీఎస్టీలో అఫర్డబుల్ ఇల్లంటే హైదరాబాద్ లాంటి మెట్రోల్లో 45 లక్షల లోపు, 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా లోపు, అప్పుడు 5 బదులు 1 శాతమే. ఈ గీత 2019 ఏప్రిల్‌లో గీసింది. నానక్‌రాంగూడ, కోకాపేట వైపు ఏ సైట్ ఆఫీసుకైనా వెళ్లి 45 లక్షల్లో కొత్త టూ బీహెచ్‌కే ఉందా అని అడగండి, మర్యాదగా కాఫీ ఇచ్చి పంపిస్తారు.