గజపతుల నేల మీద కల్పిత రాజ్యాలు: ఏనుగుల మేత లెక్క

పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువాళ్లకు మధ్యయుగం ఎక్కడో దూరాన ఉన్నది కాదు. ఒడిశాలో గజపతి వంశాన్ని నిలబెట్టిన కపిలేంద్ర దేవుడు 1430ల్లో గద్దెనెక్కాక గజపతుల ఏలుబడి ఇక్కణ్నుంచి కొండవీడు, ఉదయగిరి దాకా పాకింది. అయినా ఇక్కడి ఫాంటసీ కథల్లో రాజ్యాలు ఈ నేలవిలా ఉండవు.

పేదరాసి పెద్దమ్మ కథలు కాలం చెప్పవు, కాబట్టి వాటిని తప్పుపట్టే పని లేదు. 1885లో మొదలైన సురభి లాంటి నాటక సమాజాలు రాజుకి జరీ, తళుకుల కిరీటం తొడిగాయి. చివరి వరసకీ రాజు రాజులా కనబడాలి మరి. జానపద సినిమాలు ఆ వేషాన్నే అందుకున్నాయి. ఇంగ్లీషు ఫాంటసీలు చదివిన తరం దానికి మంచు కురిసే కోటల్ని కలిపింది. ‘ఇది గజపతుల కాలం లాంటి లోకం’ అని రచయిత చెప్పుకున్నప్పుడే చిక్కు మొదలైంది.

ముందు ఏనుగులు. పెద్ద ఏనుగు రోజుకి సుమారు 150 కిలోల పచ్చిమేత తింటుంది, 100 లీటర్లకు పైనే నీళ్లు తాగుతుంది. రెండు వందల ఏనుగులంటే రోజుకి 30 టన్నుల మేత. బండ్ల మీద తెద్దామంటే ఎడ్లకీ మేత కావాలి. అందుకని దండు వంశధార, నాగావళి లాంటి ఏటి ఒడ్డు పట్టుకునే నడవాలి, అదీ వానలు వెనకబట్టాక. ఏనుగుకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. మిట్టమధ్యాహ్నం తోలితే కూలబడుతుంది. తెల్లవారుజామున నడక, ఎండెక్కేసరికి నీడ, నీళ్లు. వెయ్యి ఏనుగులు మూడు రాత్రుల్లో కొండలు దాటేశాయని రాస్తే కథ మీద నమ్మకం అక్కడే పోతుంది. అదే దండు దారిలో చెరకు తోటలు ఊడ్చేస్తే రైతులు ఏం చేస్తారన్నది రాయండి, కథ దానంతటదే కదులుతుంది.

కోటలూ ఒక్క రాత్రిలో పడవు. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించిన ఉదయగిరి 1514లో గానీ లొంగలేదు.

వంటింట్లో తప్పు ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ అమెరికా ఖండాల పంటలు; 1498లో పోర్చుగీసువాళ్లు సముద్రమార్గాన వచ్చాకే మనకు చేరాయి. కపిలేంద్రుడి కాలంలో కారమంటే మిరియాలు, పిప్పళ్లు. పొగాకూ లేదు, మన వైపు అడ్డపొగ (చుట్ట నిప్పుకొసని నోట్లో పెట్టుకుని) పీల్చే ముసలమ్మ ఎంత సహజంగా అనిపించినా ఆ లోకంలో ఆమె చేతికి చుట్ట ఇవ్వకూడదు.

కల్పిత లోకంలో మిరప ఉంటే నేరమా? కాదు. అయితే ఆ విత్తనం ఏ ఓడలో ఏ రేవుకి వచ్చిందో రచయితకి తెలిసుండాలి. రేవంటే సుంకం, గుర్రాల బేరం, గాలివాన. 1244 నాటి మోటుపల్లి రేవు అభయశాసనం చదవండి. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని వెనకటి రాజులు లాగేసుకునేవారు; కాకతీయ రాజు గణపతిదేవుడు మాత్రం సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని సముద్ర వర్తకులకి రాయి మీద మాటిచ్చాడు.