పూనకం: అపోహలు - వాస్తవాలు

కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతర, ఆ తర్వాత ఊరూరా గ్రామదేవతల పండగలు. ఆ రోజుల్లో విశాఖలో మాలాంటి మానసిక వైద్యులను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: పూనకం జబ్బా, నటనా, నిజంగా అమ్మవారేనా? మూడోదానికి జవాబు చెప్పే చదువు నేను చదవలేదు. మొదటి రెండింటికీ చెప్పగలను.

అపోహ: అదంతా నటన.

వాస్తవం: నటించేవాళ్లు లేకపోలేదు. కానీ చాలామందిలో అది నిజంగా కలిగే మార్పే. పొద్దుటి నుంచి ఉపవాసం, రాత్రి నిద్ర లేదు, చెవి పక్కనే డప్పులు, సాంబ్రాణి పొగ, "ఈసారి నీకే వస్తుంది" అన్న చుట్టుపక్కలవాళ్ల ఎదురుచూపు. ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దాంతో తల తేలిపోయి, వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోతాయి. ధ్యాసంతా ఒక్కచోట బిగుసుకుంటుంది, "నేను చేస్తున్నాను" అన్న ఎరుక సడలుతుంది.

అలాగని స్పృహ పూర్తిగా పోదు. ఘటం ఎత్తుకుని ఊగే ఆమెను గమనించండి. జుట్టు విరబోసుకుని ఊగిపోతున్నా ఒక చెయ్యి ఘటాన్ని వదలదు, అడ్డొచ్చిన పసిపిల్లను పాదం తప్పించుకునే వెళుతుంది. తర్వాత అడిగితే కొంత గుర్తుంటుంది, కొంత ఉండదు.

అపోహ: పూనకం వస్తే మానసిక జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: కాదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో దీనికి సంబంధించిన జబ్బు ఒకటి ఉంది. అయితే ఆ పేరు పెట్టాలంటే, ఆ స్థితి మనిషి ప్రమేయం లేకుండా, వద్దనుకున్నా రావాలి, ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగం కాకూడదు, బతుకును దెబ్బతీయాలి. ఏడాదికోసారి గుడి ముందు పూనకం వచ్చి, మర్నాడు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌లో చేపల గంప ఎత్తుకునే మనిషికి నాతో పనిలేదు.

గుడీ జాతరా లేకుండా, వారానికోసారి వంటగదిలో పూనకం వచ్చే కొత్త కోడలి సంగతి వేరు. మామూలుగా ఆమె మాట వినే దిక్కుండదు. అమ్మ పూనితే అత్తగారే చేతులు జోడించి "ఏం కావాలి తల్లీ" అని అడుగుతుంది. ఇక్కడ మాత్రలకంటే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. ఆమె కావాలని చేస్తోందని అనడం లేదు. చెప్పుకోలేని బాధ శరీరాన్ని దారి చేసుకుంటుంది.

అపోహ: పడిపోయి కొట్టుకుంటే అమ్మవారో, గాలి సోకడమో. చేతిలో తాళంచెవులు పెడితే చాలు.

వాస్తవం: అది మూర్ఛ కావచ్చు. మూర్ఛలో సాధారణంగా కళ్లు తెరిచే ఉంటాయి, నాలుక పక్కన కరుచుకుంటుంది, రెండు మూడు నిమిషాల్లో ఆగాక మనిషి మగతగా, అయోమయంగా ఉంటాడు. మనసులోని ఒత్తిడివల్ల వచ్చేవాటిలో కళ్లు గట్టిగా మూసుకుని ఉండటం, ఎక్కువసేపు సాగడం కనిపిస్తాయి. ఈ తేడాలను బట్టి ఇంట్లో తీర్పు చెప్పేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాలు దాటితే 108.

ఇంకొకటి, నన్ను నిజంగా భయపెట్టేది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న అమ్మాయి కొద్దిరోజుల్లోనే వింతగా మాట్లాడటం, నిద్రపోకపోవడం, మూతి వంకర్లు తిప్పడం, ఫిట్స్, జ్వరం. దయ్యం పట్టిందనుకునే ఈ లక్షణాలు మెదడు వాపువి కావచ్చు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలే మెదడు మీద దాడి చేసే ఒక రకాన్ని 2007లో గుర్తించారు; అది ఎక్కువగా యువతులకే వస్తుంది. త్వరగా వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు. భూతవైద్యుడి దగ్గర పోయే వారం చాలా ఖరీదైనది.

అపోహ: మిరపకాయల పొగ, వేపమండల దెబ్బలతో వదులుతుంది.

వాస్తవం: ఒక్కోసారి ఆగుతుంది, నొప్పి తట్టుకోలేక. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ పొగ ప్రాణాంతకం.

అపోహ: విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకెళితే లోపల పెట్టేస్తారు.

వాస్తవం: చూపించుకుని, మందులు తీసుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పెట్టిన షరతులు ఉన్నాయి. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.