ఎదుటి మొహంలో లేని కోపం

తాగుడు బాగా ముదిరిన మనిషి ఉన్న ఇంట్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. "ఎందుకలా కోపంగా చూస్తున్నావు?" అవతలివాళ్ళు "కోపమేం లేదు, మామూలుగానే ఉన్నాను" అంటారు. అతను నమ్మడు. మాటా మాటా పెరుగుతుంది. కాసేపటికి ఆ మొహంలోకి నిజంగానే కోపం వస్తుంది. "చూశావా, నేను ముందే అన్నాను" అంటాడతను. మళ్ళీ తాగడానికి సాకు వెతుక్కుంటున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. ఒక్కోసారి అది సాకే కావచ్చు. కానీ అతనికి అక్కడ నిజంగానే కోపం కనిపించి ఉండవచ్చు.

1999లో బెల్జియంలో పియర్ ఫిలిపో, చార్లెస్ కార్న్‌రైక్, వాళ్ళ సహచరులు మద్యానికి బానిసలై ఈమధ్యే మానేసినవాళ్ళకు రకరకాల భావాలున్న మొహాల ఫొటోలు చూపించి, ఏ భావం ఎంత కనిపిస్తోందో చెప్పమన్నారు. వాళ్ళకు ప్రతి భావమూ ఉన్నదానికంటే తీవ్రంగా కనిపించింది. పొరబడినప్పుడు ఎక్కువగా కోపం వైపు, చిన్నచూపు వైపు మొగ్గారు. తాము తప్పు చదువుతున్నామన్న స్పృహ వాళ్ళకు లేదు. నన్ను అన్నిటికంటే కదిలించింది ఈ ఆఖరి సంగతే. చూపు మసకబారితే మనకు తెలుస్తుంది, కళ్ళజోడు కోసం వెళ్తాం. మొహాలను చదివే శక్తి మసకబారితే మాత్రం తేడా మనలో ఉందని అనిపించదు. చుట్టూ ఉన్నవాళ్ళే మారిపోయారనిపిస్తుంది. అదే బృందం 2001లో, తాగుడు మానేసి కనీసం రెండు నెలలైనవాళ్ళను పరీక్షించింది. లోపం కొంత తగ్గినా, పూర్తిగా పోలేదు.

ఇలాంటి పరీక్షలు చాలావరకు ఒకే పద్ధతిలో జరుగుతాయి. 1976లో పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 110 నలుపు తెలుపు ఫొటోలతో ఒక సెట్ విడుదల చేశారు. సంతోషం, దుఃఖం, భయం, కోపం, అసహ్యం, ఆశ్చర్యం అనే ఆరు భావాలు, వాటితోపాటు ఏ భావమూ లేని మొహాలు అందులో ఉంటాయి. తర్వాత కంప్యూటర్లు వచ్చాక, ఏ భావమూ లేని మొహాన్ని మెల్లమెల్లగా కోపంగానో భయంగానో మార్చి చూపించడం కుదిరింది. ఎంత కోపం కలిపితే ఒక మనిషి దాన్ని గుర్తుపడతాడో ఇప్పుడు కొలవవచ్చు. ఈ ఆరింటిలో సంతోషం అందరికీ తేలిక. కష్టమైనది భయం, దాన్ని ఆశ్చర్యమని పొరబడేవాళ్ళు చాలామంది.

మత్తుపదార్థాలన్నీ మొహాలను ఒకే తీరుగా చెరిపేస్తాయనుకుంటే పొరపాటు. ఒక్కోటి ఒక్కో వైపు లాగుతుంది. ఎక్స్‌టసీ పేరుతో తెలిసిన ఎండీఎంఏ తీసుకున్నవాళ్ళు అందరి మీదా ప్రేమ పొంగుకొస్తోందని చెబుతారు. చికాగోలో గిలిండర్ బేడీ, హారియట్ డి విట్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ మందు తీసుకున్నవాళ్ళు మొహాల్లో భయాన్ని గుర్తుపట్టడంలో వెనకబడ్డారు. అంటే మనసుకు దగ్గరైనట్టు అనిపిస్తుందే గాని, ఎదుటివాడు బెదిరిపోతున్న సంగతి కళ్ళకు ఆనదు. ఆందోళన తగ్గించడానికి డాక్టర్లు రాసే డయాజెపామ్ కోపాన్ని గుర్తుపట్టే శక్తిని ప్రత్యేకంగా తగ్గిస్తుందని జేమ్స్ బ్లెయిర్, వాలెరీ కర్రన్ 1999లో చూపించారు. గంజాయి బాగా అలవాటైనవాళ్ళకు భావాలను గుర్తుపట్టడానికి ఎక్కువ సమయం పట్టిందని మరో పరిశోధన చెబుతోంది. హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తులకు అలవాటుపడ్డవాళ్ళలో కూడా లోపాలు కనిపించాయి. మద్యం సంగతే తీసుకున్నా, ఒకపూట కొంచెం తాగడం వేరు, ఏళ్ళ తరబడి తాగడం వేరు. బాసెల్‌లో 2017లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కాస్త బీరు ఇచ్చి చూస్తే, నవ్వు మొహాలను ఇంకా త్వరగా పట్టుకున్నారు. మొదట్లో లోకాన్ని నవ్వుతూ చూపించిన పదార్థమే చివరికి కోపంగా చూపించే స్థితికి తెస్తుంది. అది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇది ఎదురు దిశలోనూ పనిచేస్తుంది. డిప్రెషన్‌తో ఉన్నవాళ్ళకు నవ్వు మొహాలు సరిగా ఆనవు. ఆక్స్‌ఫర్డ్‌లో కాథరిన్ హార్మర్ బృందం 2009లో అలాంటివాళ్ళకు రీబాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఒక్క డోసు ఇచ్చింది. వాళ్ళ మూడ్ ఏమీ మారలేదు గాని, సంతోషాన్ని గుర్తుపట్టడం మాత్రం మెరుగైంది. మనసు కుదుటపడటానికి వారాలు పట్టే మందు, మొహాలను చూసే తీరును కొన్ని గంటల్లోనే సర్దింది.

అసలు ఇదంతా మెదడులో ఎక్కడ జరుగుతోంది? చాలా దారులున్నాయి గాని, అందరూ మొదట చెప్పే పేరు అమిగ్డలా. బాదం గింజ ఆకారంలో, మెదడుకు రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటుంది. అరుదైన జబ్బు వల్ల ఆ రెండూ దెబ్బతిన్న ఒక మహిళ గురించి రాల్ఫ్ అడాల్ఫ్స్ బృందం 1994లో రాసింది. కత్తివేటుకు నెత్తుటిచుక్క లేని మొహం చూపించినా అది భయమని ఆమె పోల్చుకోలేకపోయేది. భయం ఆమెకు అర్థం కాదేమోనని చాలాకాలం అనుకున్నారు. 2005లో ఆమె చూపు ఎటు పోతోందో కొలిచి చూస్తే అసలు విషయం తేలింది. ఆమె ఎదుటివాళ్ళ కళ్ళను చూడటం లేదు. భయం ఎక్కువగా కనిపించేది కళ్ళలోనే, రెప్పలు విచ్చుకుని తెల్లగుడ్డు బయటపడటంలోనే. "కళ్ళ వైపు చూడండి" అని చెప్పగానే ఆమె అందరిలాగే భయాన్ని గుర్తుపట్టింది! అయితే ఆ మాట ప్రతిసారీ చెప్పాల్సి వచ్చేది. చెప్పకపోతే చూపు మళ్ళీ పక్కకు జారేది.

మొహాలు చదవడానికీ మనిషి స్వభావానికీ ఉన్న సంబంధం కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఎదుటివాళ్ళ బాధ పట్టనట్టుండే, తప్పు చేసినా మనసులో పొడుచుకోని స్వభావమున్న కొందరు పిల్లలు భయపడ్డ మొహాలను సరిగా గుర్తుపట్టలేరు. ఆస్ట్రేలియాలో మార్క్ డాడ్స్ బృందం 2006లో అలాంటి అబ్బాయిలకూ అదే మాట చెప్పింది, కళ్ళు చూడమని. వాళ్ళ లోపమూ సర్దుకుంది. "రాతి గుండె" అని మనం ముద్ర వేసేసే పిల్లవాడి విషయంలో, చూపు నిలిచే చోటు కూడా ఒక కారణం కావచ్చన్నమాట. ఈ ఫలితం చదివాక ఆ మాట వాడటానికి నాకు మనసొప్పడం లేదు.

ఇంకో రకం మనుషులున్నారు. తమలో ఏం జరుగుతోందో తమకే పేరు పెట్టలేరు. ఛాతీ బిగుసుకుంటుంది, నిద్రపట్టదు, అది దిగులో కోపమో టెన్షనో చెప్పలేరు. 1970లలో పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు దీనికి అలెక్సిథైమియా అని పేరు పెట్టాడు. భావాలకు మాటల్లేకపోవడం అని ఆ గ్రీకు మాటకు అర్థం. సొంత భావాలకు పేర్లు లేని మనిషికి ఎదుటి మొహంలోని భావాన్ని పోల్చుకోవడమూ కష్టమే. మద్యానికి బానిసైనవాళ్ళలో ఈ లక్షణం మామూలు జనంలో కంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

మరి ముందు వచ్చింది ఏది? మత్తు అలవాటు మొహాలు చదివే శక్తిని పాడుచేసిందా, లేక చదవలేని మనిషి నలుగురిలో ఇమడలేక మత్తు వైపు వెళ్ళాడా? ఇప్పటికే అలవాటుపడ్డవాళ్ళను ఒక్కసారి పరీక్షిస్తే దీనికి జవాబు దొరకదు. కేంబ్రిడ్జ్‌లో కారెన్ ఎర్ష్ బృందం 2012లో వేరే దారి పట్టింది. కొకైన్ లాంటి ఉత్తేజక మత్తులకు బానిసైనవాళ్ళను, వాళ్ళ తోబుట్టువుల్లో ఆ అలవాటు లేనివాళ్ళను, 50 జతలుగా పోల్చింది. అది మొహాల మీద చేసిన పరీక్ష కాదు, తమను తాము ఆపుకునే శక్తి గురించినది. అందులో మత్తు ముట్టనివాళ్ళ మెదడులోనూ అదే బలహీనత కనిపించింది. అంటే కొంత ముందే ఉంది. అయినా ఆ తోబుట్టువులు మత్తు వైపు పోలేదు. మొహాల విషయంలోనూ రెండు వైపుల నుంచీ కారణం ఉంటుందని నేను అనుకుంటున్నాను. ముందే ఉన్న చిన్న వంకరను మత్తు పెద్దది చేస్తుంది. అపార్థాలు పెరుగుతాయి, మనుషులు దూరమవుతారు, ఒంటరితనం మళ్ళీ సీసా వైపే తోస్తుంది.

ఈ వంకరను శిక్షణతో సరిచేసే ప్రయత్నాలూ జరిగాయి. బ్రిస్టల్‌లో ఇయాన్ పెంటన్-వోక్, మార్కస్ మునాఫో బృందం 2013లో, నేరాల వైపు జారే ప్రమాదమున్న కుర్రాళ్ళకు కోపమో నవ్వో తేల్చలేని మొహాలు చూపించింది. వాళ్ళు కోపమన్న కొన్నింటిని "కాదు, ఇది నవ్వు" అంటూ సరిదిద్దుతూ పోయింది. రెండు వారాల తర్వాత చూస్తే వాళ్ళ దుడుకుతనం తగ్గిందని వాళ్ళూ చెప్పారు, అక్కడి సిబ్బందీ చెప్పారు. కానీ ఫొటోలోని మొహం కదలదు, చూసినంతసేపూ అలాగే ఉంటుంది. ఇంట్లో మొహం అలా కాదు. తాగుడు మానేసి రెండు నెలలైన మనిషి ఎదురుగా కూర్చునే మొహంలో ఏళ్ళ అలసట ఉంటుంది, కొంచెం ఆశ ఉంటుంది, మళ్ళీ మొదలుపెడతాడేమోనన్న బెదురు ఉంటుంది. అది అరక్షణానికోసారి మారుతుంది. ఏ శిక్షణా లేకుండా, ఏది ఏమిటో అతను పోల్చుకోవాల్సింది ఆ మొహంలోనే.