ముక్క కోసి చేతిలో పెట్టిన గేములు

చిన్నూ, బుజ్జీ,

"ప్లే స్టోర్ లేనప్పుడు గేములు ఎలా వచ్చేవి తాతయ్యా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. సిగ్నల్ సరిగా లేక చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఫ్లాపీలో వచ్చేవి. అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ బిళ్ళ అది. పట్టేది 1.44 ఎంబీ. మీ అమ్మ ఫోన్‌లో తీసే ఫొటో ఒక్కటి కూడా చాలాసార్లు అందులో పట్టదు. అంత చిన్న చోటులో గేము మొత్తం సర్దేవారు.

మామిడిపళ్ళ బండివాడు ఒక పండు కోసి, ముక్క చేతిలో పెట్టి రుచి చూడమంటాడు చూడండి, గేముల్లో ఆ పని చేసినవాడు స్కాట్ మిల్లర్. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, గార్లండ్ ఊరు. ఆయన కంపెనీ పేరు అపోజీ. అప్పటికి షేర్‌వేర్ అంటే ప్రోగ్రామ్ మొత్తం ఇచ్చేసి, నచ్చితే డబ్బు పంపండి అని అడగడమే. పంపేవాళ్ళు తక్కువ. 1987లో మిల్లర్ తన క్రోజ్ గేమును భాగాలు చేసి, మొదటిది ఊరికే వదిలేశాడు. మిగతావి కొనుక్కోవాలి. ఆ మొదటి భాగాన్ని ఎవరు ఎవరికి కాపీ చేసి ఇచ్చినా తప్పు లేదు. అలా పంచిపెట్టాలనే అపోజీవాళ్ళు కోరేవారు.

తర్వాత ఆయన కన్ను గేములు రాసే జాన్ రొమేరో అనే కుర్రాడి మీద పడింది. నేరుగా రాస్తే రొమేరో ఆఫీసువాళ్ళు చూస్తారేమోనని వేరు వేరు పేర్లతో అభిమాని ఉత్తరాలు రాశాడు. అన్నిటి మీదా ఒకే అడ్రస్ ఉందని రొమేరో కనిపెట్టేశాడు! అలా కలిసిన పరిచయంతో 1990 డిసెంబరులో కమాండర్ కీన్ అనే గేము ఇలాగే భాగాలుగా వచ్చింది. రొమేరో, జాన్ కార్మాక్, మరో ఇద్దరు స్నేహితులు కలిసి పనివేళలు అయ్యాక రాసుకున్న గేము అది. మిల్లర్ దగ్గర్నుంచి వచ్చిన మొదటి చెక్కు 10,500 డాలర్లు. ఉద్యోగాలు వదిలేసి ఐడీ సాఫ్ట్‌వేర్ అనే సొంత కంపెనీ పెట్టారు. 1993లో డూమ్ అనే గేము చేసింది వీళ్ళే. మీరు ఆడే ఫోర్ట్‌నైట్ వెనకున్న టిమ్ స్వీనీ కూడా ఈ దారినే వచ్చాడు. 1991లో అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని జడ్‌జడ్‌టీ అనే చిన్న గేము అమ్ముతూ మొదలుపెట్టాడు.

ఇప్పటి ఫ్రీ గేములు చూస్తే నాకు బాధేస్తుంది. ఆట మధ్యలో ఆపి యాడ్ చూడమంటాయి, డైమండ్లు కొనమంటాయి. కీన్ మొదటి భాగం అలా కాదు. మొదలూ ముగింపూ ఉన్న పూర్తి ఆట. ఎన్నేళ్ళయినా అది మీదే. ఆడేవాడి మీద అంత నమ్మకం పెట్టుకుని ఇచ్చారు.

అందులో హీరో బిల్లీకి మీ వయసే, 8 ఏళ్ళు. పాత సూప్ డబ్బాలతో రాకెట్ కట్టుకుని అంగారకుడి మీదికి వెళ్తాడు. అటూ ఇటూ తిరుగుతుంటే శత్రువులు రాకెట్ భాగాలు నాలుగు ఎత్తుకుపోతారు. కారు బ్యాటరీ, వాక్యూమ్ క్లీనర్ లాంటివే ఆ భాగాలు. అన్నీ వెతికి తెచ్చుకుని ఇంటికి చేరతాడు. తీరా చూస్తే భూమి పైనే శత్రువుల పెద్ద ఓడ తిరుగుతోంది.

అక్కడ మొదటి భాగం అయిపోతుంది. మిగతా రెండు భాగాలకు డాలర్లు పంపాలి. నా దగ్గర డాలర్లు ఎక్కడివి? బిల్లీ ఆ ఓడను ఏం చేశాడో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

మీ తాతయ్య